గోడ అవతల వినేవాళ్లు

పోర్ట్ బ్లెయిర్‌లో డిగ్నాబాద్ దగ్గర ఒక సెకండరీ స్కూలు. ఎనభైల నాటి మాట. సెలవులయ్యాక బడి తెరిచిన రోజు పొద్దున్న, ప్రార్థనకి ఇంకా పావుగంట ఉందనగా, స్టాఫ్ రూములో తెలుగు టీచరు కమలాకుమారి, పదో తరగతిలోకి వచ్చిన అమ్మడు మాట్లాడుకుంటున్నారు. ప్రార్థనలో హిందీ వార్తల తర్వాత మైకులో తెలుగు వార్తలు చదవడం ఆ బడి రివాజు. పిల్లలు వింటారో వినరో గాని, గోడ అవతల చేపలమ్ముకునే ఆడవాళ్లు మాత్రం గంపలు దించుకుని మరీ వింటారు.

"అమ్మడూ, నీకో పనుంది. ఇవాళ్టికి మిగతావన్నీ వదిలెయ్. లైబ్రరీలో కొత్త అట్లాసులు వచ్చిపడ్డాయి. కట్టలు విప్పి తరగతివారీగా సర్దు."

"ప్రార్థన అయ్యాక సర్దుతాను మేడమ్."

"నువ్వు ప్రార్థనకి రానక్కర్లేదు."

"రానక్కర్లేదా? ఫస్ట్ డే మేడమ్! మరి హాజరు?"

"నేను వేస్తాలే."

"తెలుగు వార్తలో?"

"వీరలక్ష్మి చదువుతుంది."

"వీరలక్ష్మా! దానికి తెలుగు చదవడం ఏటొస్తాది మేడమ్? హిందీ అక్షరాల్లో రాసుకుని చదువుతాది. పోయినేడు ఓడ మూడు రోజులు లేటని చదవమంటే మూడు నెలలు అనీసింది. గోడవతల ఆడోళ్లందరూ ఉల్లిపాయల కోసం కొట్టు మీద పడిపోయారు."

"పడితే పడ్డారు. ఇవాళ అదే చదువుతుంది."

"నేనేం తప్పు చేశాను మేడమ్?"

"తప్పేం లేదే తల్లీ. ఎందుకలా ప్రాణం తీస్తావు?"

"మరి నిన్నంతా కూచుని రాశానే! ఒక్కసారి వినండి. 'నమస్కారం. ఈరోజు తెలుగు వార్తలు. మన పాఠశాలలో కొత్త సంవత్సరం నేటితో మొదలయింది. పదో తరగతి పుస్తకాలు మద్రాసు నుంచి ఓడలో వస్తున్నాయి. ఓడ ఇంకా మద్రాసులోనే ఉంది.'"

"ఆ చివరి ముక్క అవసరమా?"

"నిజమే కదా మేడమ్. 'లెక్కల మాస్టారు యర్రయ్య గారికి డిగ్లీపూర్ బదిలీ అయింది. కొత్త మాస్టారు వచ్చేదాకా పదో తరగతికి లెక్కలు డ్రిల్లు మాస్టారు చెప్తారు.'"

"అయ్యో రామ! హెడ్మాస్టరు గారు వింటే ఊరుకుంటారా?"

"ఆ సారే రాసుకోమన్నారు. 'తొమ్మిదో తరగతి గది కప్పు కారుతున్నందున, ఆ పిల్లలు వాన వచ్చినప్పుడు పదో తరగతిలోనూ, వాన లేనప్పుడు తమ గదిలోనూ కూర్చుంటారు.' మతలబ్, రోజూ మా నెత్తి మీదే కూచుంటారు. అది రాయలేదు లెండి."

"బాగుంది. చాలా బాగా రాశావు. ఆ కాగితం ఇలా ఇచ్చి నువ్వు వెళ్లు."

"ఇంకొకటుంది మేడమ్. ఆఖరిది."

"నేను చదువుకుంటాలే. ఇచ్చెయ్."

"మీ గొంతేటి అలాగున్నాది?"

"జలుబు. వాన చూడు ఎలా కురుస్తోందో."

"హెడ్మాస్టర్ సార్ మీకేదో కాయితం ఇచ్చారు. వరండాలోంచి చూశాను. ఇవ్వగానే మడిచేసి పర్సులో పెట్టీసుకున్నారు."

"అది ఆఫీసు కాగితం. పెద్దవాళ్ల సంగతి నీకెందుకు?"

"మా నాన్న సంగతి కదా?"

"అమ్మడూ, అట్లాసులు సర్దమన్నానా, లేదా?"

"చేపల వేటకెళ్లి పద్దెనిమిది రోజులయింది మేడమ్. రోజూ తోడెళ్లే లక్ష్ముడు బాబాయికి జ్వరమొస్తే ఒక్కడే ఎళ్లిపోయాడు. మబ్బు పట్టింది, రేపెళ్దువులే అని అమ్మ అంటే, సాయంత్రానికి వచ్చీనా అన్నాడు. గాలొచ్చింది. అందరి పడవలూ వచ్చీసాయి."

"మీ నాన్నా వస్తాడమ్మా. అప్పలరాముడు అంటే ఎంత ఈతగాడో అందరికీ తెలుసు. వెతుకుతున్నారు కదా."

"ఎవరు మేడమ్?"

"షిప్పు వాళ్లు. అందరూ."

"ఎతుకుతున్నారని మీకెవరు చెప్పారు?"

"ఎవరేమిటి, అందరూ అనుకుంటున్నదే."

"ఆపీసారు మేడమ్."

"ఏమిటీ?"

"ఎతకడం. లక్ష్మీవారం నాడే ఆపీసారు. మీ పర్సులో ఉన్నలాంటిదే మా ఇంటికొచ్చింది. చేపల ఆఫీసు ప్యూన్ భయ్యా తెచ్చిచ్చాడు. హిందీలో ఉన్నాది. 'తలాష్ సమాప్త్' అని రాసున్నాది. సమాప్త్ అంటే నాకు తెల్దా? పాఠాల చివర్లన్నిటా అదే కదా."

"ఓరి దేవుడా! నీకు తెలుసా? ఇందాకట్నుంచీ ఈ మాట నీ చెవిన పడకుండా ఎలారా అని నేను... ఇలా రా. కూర్చో తల్లీ."

"కూచోను మేడమ్. కూచుంటే ఏడుపొచ్చీస్తాది. టైం లేదు."

"అమ్మ ఎలా ఉంది?"

"అమ్మ బాగానే ఉన్నాది."

"బాగా ఉండడమేమిటే?"

"అమ్మకి తెల్దు."

"ఇంటికొచ్చిన కాగితం ఆవిడకి తెలియకపోవడమేమిటి?"

"అమ్మకి చదవడం రాదు కదా. ఏట్రాశారే అనడిగింది. 'ఇంకా ఎతుకుతున్నారు, పెద్ద షిప్పు నికోబార్ వైపు ఎళ్లింది, మీరు ధైర్యంగా ఉండండి' అని చదివీసాను."

"ధైర్యంగా ఉండమని ఆఫీసు వాళ్లు రాస్తారుటే ఎక్కడైనా?"

"అమ్మ నమ్మీసింది మేడమ్. రోజూ బజారు నుంచి రాగానే గంప దించీసి, మళ్లీ చదవే అంటాది. రోజూ చదువుతున్నాను."

"అబద్ధం కదే అది?"

"మరేటి చెయ్యాల? పోయినేడు మా వీధిలో సీతాలు పిన్ని మొగుడు పోతే, ఆడోళ్లందరూ వచ్చీసి, గడప కాడ కూచోబెట్టి, గాజులు రాయెట్టి కొట్టీసారు. చెయ్యంతా రక్తం. పిన్ని నోరెత్తలేదు. బొట్టు కూడా వాళ్లే తుడిచీసారు. ఇప్పుడు పిన్ని పొద్దున్నే జెట్టీకెళ్తే మొగోళ్లు చీదరించుకుంటారు, ఏటకెళ్లేటప్పుడు ఎదురొచ్చిందని. అక్కడే కదా మేడమ్ చేపలు కొనుక్కోవాల? నాలుగు చేపల కోసం పిన్ని రేకుల షెడ్డు ఎనకాల దాక్కుంటాది. మా అమ్మని అలాగ నేను చూడలేను."

"ఊరుకో. ఊరుకోమ్మా."

"నాన్న వచ్చీసినా వచ్చీగలడు కదా మేడమ్? బర్మా వైపు కొట్టుకుపోయి, అక్కడ జైల్లో ఉండి, రెండేళ్లకి తిరిగొచ్చినోళ్లున్నారు. అప్పుడు అమ్మ గాజుల్లేకుండా ఎదురెళ్తే?"

"ఏం చెప్పనే నీకు! వస్తాడని చెప్పలేను, రాడనీ చెప్పలేను."

"మీ కాయితంలో ఏటున్నాది?"

"మీ ఇంటికొచ్చిందే. ఉత్తరం పంపినా మీ ఇంట్లోంచి ఎవరూ ఆఫీసుకి రాలేదట. మీ వాళ్లందరికీ అర్థమయ్యేలా తెలుగు వార్తల్లో చదివించమని ఫోన్ చేసి చెప్పారట. చదివాక రెండు నిమిషాలు మౌనం."

"మైకులోనా?"

"మైకులోనే."

"అమ్మ అక్కడే ఉంటాది మేడమ్! సెలవుల్లో వార్తల్లేవు కదా, ఇవాళ ఉంటాయని గంప కూడా ఎత్తలేదు. వీధంతా ఉంటాది. సీతాలు పిన్నికి చేసినోళ్లందరూ ఉంటారు."

"అందుకే నిన్ను లైబ్రరీకి పొమ్మన్నాను."

"నన్ను పంపీసి అమ్మకి మైకులో చెప్పీస్తారా? నేను పక్కన లేకుండానా?"

"నేనేం చెయ్యనే! నా చేతిలో ఏముంది? సుబ్బరామయ్య గారిని బతిమాలాను. ముందు ఇంటికెళ్లి మెల్లిగా చెప్తాను సార్, ఒక్క రోజు ఆగండి అన్నాను. పాపం, హెడ్మాస్టరైనా ఆయనా మనిషే, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పైనుంచి వచ్చిన మాటమ్మా, మనమెంత అన్నారు. పదిహేనేళ్లుగా ఈ బడిలో పిల్లలకి గుణింతాలు దిద్దిస్తున్నాను, ఒక్క కాగితం ఆపడం నా వల్ల కాలేదు."

"అయితే నన్నే చదవనీండి."

"నువ్వా? మీ నాన్న సంగతి నువ్వెలా చదువుతావే?"

"ఆ కాయితం కాదు మేడమ్, నేను రాసింది. ఆఖరిది మీరు విననేలేదు. 'అప్పలరాముడి పడవ కోసం ఇంకా వెతుకుతున్నారు.' బస్, ఒక్క లైను."

"అంతమంది ముందు మైకులో అబద్ధం చదువుతానని నన్నే అడుగుతున్నావా?"

"మీరు ఔననకండి. కాయితం ఇవ్వడం మర్చిపోయానని సారుకి చెప్పండి."

"ఇవాళ మర్చిపోతాను. రేపు?"

"రేపటిది రేపు రాసుకుంటాను."

"అలా ఎన్నాళ్లు రాస్తావే పిచ్చిదానా?"

"తెల్దు మేడమ్."

"నాకూ తెలియడం లేదు. సరే, ముక్కు తుడుచుకో. మైకు ముందు ఎగబీలిస్తే వీధి చివరిదాకా వినబడుతుంది."

"అంటే చదవమనా?"

"నేనేమీ అనలేదు. వెళ్లు. నాకు బుద్ధి రాకముందే వెళ్లు."

అమ్మడు పరుగున మైకు దగ్గరికి వెళ్లింది. కమలాకుమారి ఇంకా పర్సు మూత పట్టుకునే ఉంది. వరండాలో అమ్మడి తల్లి గురమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ ప్రత్యక్షమయింది.

"మేడమ్మగారూ, దండాలమ్మా."

"గురమ్మా! నువ్వు లోపలికి వచ్చావేం? అందరూ గోడ దగ్గర కదా?"

"అక్కడ జనం ఎక్కువున్నారమ్మా. ఇక్కడైతే మైకు కాడ మా గుంట అగుపిస్తాది. ఓ పక్కన నిలబడతాను, ఎవులికీ అడ్డం రాను."

"అడ్డమని కాదు. ఒక్కసారి ఈ గదిలోకి రా గురమ్మా, నీతో మాట్లాడాలి."

"వార్తలయిపోనీండమ్మా. పదో తరగతంటే పెద్ద సదువంట కదా? మా గుంట పాసయిపోతాదా?"

"అవుతుంది. తెలివైన పిల్ల. గురమ్మా, నేను చెప్పేది..."

"పుస్తకాలింకా రానేదంట?"

"ఓడలో వస్తాయి. నీకొక సంగతి..."

"గౌను పొట్టయిపోయినాదమ్మా. అంచు ఇప్పీసి, మల్లీ దించి కుట్టీసాను. పాత మడత తెలుస్తన్నాదా?"

"తెలియడం లేదు. చక్కగా ఉంది. మీ ఇంటికి ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది కదా, అందులో..."

"ఇప్పుడు సెప్పకండమ్మా."

"చెప్పాలి గురమ్మా. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు చెప్తారు. నలుగురిలో ఎవరో చెప్పేకంటే..."

"రేపు సెప్పినోల్లు సెప్పుకుంటారు. మీరు సెప్పకండి. మీకు దండం ఎడతాను."

"చేతినిండా ఆ ఎర్ర గాజులేసుకొచ్చి నా ముందు నిలబడితే నేనెలా చెప్పను? చెప్పకుండా ఎలా ఉండను? నాకు చచ్చే చావుగా ఉందమ్మా."

"ఇవి గుంటే తొడిగినాదమ్మా. పొద్దున్నే సబ్బురాసి ఇంకో అరడజను ఎక్కించీసింది. నేనేటీ అన్నేదు. అదిగో, హిందీ వార్తలయిపోయినాయి. ఆ అబ్బాయి దిగిపోయినాడు."

"'నమస్కారం. ఈరోజు తెలుగు వార్తలు. మన పాఠశాలలో కొత్త సంవత్సరం నేటితో మొదలయింది...'"

"గొంతు ఎంత బాగున్నాదో సూడండమ్మా. ఆల్ల నాన్న గొంతే."

"గురమ్మా, నా మాట విని లోపలికి రా."

"'...కొత్త మాస్టారు వచ్చేదాకా పదో తరగతికి లెక్కలు డ్రిల్లు మాస్టారు చెప్తారు.'"

"అందరూ నవ్వుతన్నారేటమ్మా?"

"లెక్కల మాస్టారు లేరని."

"మా గుంట నవ్వనేదు. తల దించుకుని సదువుకుపోతన్నాది."

"వింటున్నావా? నీ మంచికే చెప్తున్నాను. ఆ చివరి వార్త వినకు, వచ్చెయ్."

"'ఇక ఆఖరి వార్త...'"

"ఉండండమ్మా, ఇప్పుడు సూడండి, కాయితం మీంచి తలెత్తుతాది. నాలుగు రోజుల్నుంచీ ఇంటికాడా అంతే. మిగతా ముక్కలన్నీ కాయితంలో సూసే సదువుతాది, ఎతుకుతున్నారన్న కాడికొచ్చీసరికి మాత్రం నా మొగంకేసి సూసి సదువుతాది. ఆపీసు కాయితంలో నేదు కదమ్మా అది."