సర్వర్ మామ క్లౌడ్‌ని ఒంటిచేత్తో నిలబెట్టిన వైనం

పొద్దున తొమ్మిదింటి నుంచి మా మందుల గోడౌన్‌లో ఎవరూ కంప్యూటర్‌లోకి లాగిన్ కాలేకపోతున్నారు. బిల్లు ప్రింటయితే గానీ లారీని గేటు దాటనివ్వరు. ఆ లారీలో ఆసుపత్రికి పన్నెండింటికల్లా చేరాల్సిన ఇన్సులిన్ పెట్టెలున్నాయి. డిస్పాచ్ చూసే అక్కకి కాలు నిలవడం లేదు. పనిలేక మేమంతా టీ బండి చుట్టూ చేరేసరికి, సిస్టమ్స్ చూసే సర్వర్ మామ అప్పటికే బెంచీ మధ్యలో కూర్చుని గ్లాసు ఊదుకుంటున్నాడు.

"కంగారు పడకమ్మా, ఇది మన లాగిన్‌లు నడిపే క్లౌడ్ కంపెనీ వాళ్ల గొడవ, వాళ్లే చూసుకుంటారు. ఇలాంటివి నేనెన్ని చూశాను. నా మొదటి ఉద్యోగం ఓ చిన్న ఆఫీసు, ఇరవై కంప్యూటర్లు. ఓరోజు సర్వర్ డిస్కు పోయింది. అందరూ తల పట్టుకున్నారు. నేను మాత్రం, ప్రతి శుక్రవారం బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో ఎక్కించి తెరుచుకుంటోందో లేదో చూసేవాణ్ణి కదా, అరగంటలో ఆఫీసుని లేపి కూర్చోబెట్టాను. రాసుకోండి, తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే."

"అది మాత్రం నిజం" అన్నాడు స్టోర్ కీపర్.

"ఉండవయ్యా, అసలు కథ ముందుంది. ఆ పేరు విని పెద్ద కంపెనీ వాళ్లు పిలిచారు. నాలుగు వేల సర్వర్లు. ఓరోజు ఏసీ ఆగి సర్వర్లన్నీ పెనాల్లా కాగిపోతున్నాయి, ఇంజనీర్లంతా బయటికి పరుగు, నేను లోపలికి. ఇలాంటప్పుడు ముఖ్యమైనవి ఉంచి మిగతావి ఆపాలి. ఏది ముఖ్యమో ముందే లిస్టు రాసి గోడకి అంటించుకోవాలి, వాళ్లకా బుద్ధి లేదు. ఒక్కోదానికీ చెవి ఆనించి విన్నాను. ఇది మెయిల్‌ది, ఇది స్టాకుది, ఇది మేనేజరు గారు పాటలు దాచుకున్నది అని శబ్దాన్ని బట్టే చెప్పేశాను."

"చెవి కాలలేదా మామా?"

"కాలింది. కుడిది కాలితే ఎడమది పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రం అడుగున కేబుల్ తెగి క్లౌడ్ మొత్తం ఒరిగిపోయింది. మూడు ఖండాల్లో ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోదు, విమానాలు దిగే దారి లేక గాల్లోనే చక్కర్లు కొడుతున్నాయి. రిపేరు ఓడ రావాలంటే వారం. ఇక లాభం లేదని నేనే దూకి, ఒక చేత్తో ఈ కొస, ఇంకో చేత్తో ఆ కొస పట్టుకున్నాను. రెండున్నర గంటలు ప్రపంచం డేటా అంతా నా ఒంట్లోంచే పోయింది. ఎవరి మెయిల్ ఎవరికి వెళ్తోందో చదువుతూనే ఉన్నాను. చెప్పకూడదు, సెక్యూరిటీ. మధ్యలో వైరస్ ఒకటి వస్తే దగ్గి బయటికి పంపించాను."

"రెండు చేతులూ పట్టుకుంటే, మరి ముక్కు దురద పెడితే?" అన్నాడు టీ బండి బాబాయ్.

"క్యూలో పెట్టాను. పైకొచ్చాక గోక్కున్నాను."

నవ్వు ఆపుకోలేక చస్తున్నాం గానీ, అక్క మొహం చూసి ఊరుకున్నాం. అప్పుడే హెల్ప్‌డెస్క్ అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. గంటన్నరగా ఆ క్లౌడ్ కంపెనీతోనే లైన్లో ఉంది పాపం.

"మామా, వాళ్ల వైపు అంతా బాగానే ఉందట. పొద్దున తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు మనవాళ్లే కొత్త రూల్ పెట్టారట, ఫోన్‌కొచ్చే కోడ్ కొడితేనే లోపలికి రానివ్వాలని. ఎవరి ఫోన్ నంబరూ మాత్రం ఎక్కించలేదట."

"ఏ తెలివితక్కువవాడు పెట్టాడు?" అన్నాడు మామ.

"మీ అకౌంట్‌తోనే పెట్టారట. అత్యవసరానికని ఒక అకౌంట్‌ని రూల్ నుంచి తప్పించాలి కదా, అదీ చేయలేదట. మీరు కూడా లోపలికి రాలేరు."

అక్క లేచి నిలబడింది. "ఇప్పుడెలా మరి?"

"ఐదు నిమిషాల్లో తీసేస్తారట అక్కా. కానీ రూల్ పెట్టినాయనే మాట్లాడాలట. ఏం చేశారో ఉన్నదున్నట్టు చెప్పాలి, వాళ్ల రికార్డుతో సరిపోవాలి. ఏమాత్రం తేడా వచ్చినా మళ్లీ మొదటి నుంచి."

మామ ఫోన్ తీసుకుని పక్కకి వెళ్లబోయాడు. అక్క అడ్డంగా నిలబడి, "ఇక్కడే మాట్లాడన్నా" అంది.

మామ గొంతు సవరించుకున్నాడు. "హలో, రూల్ నేనే పెట్టానండీ. ముందు పరీక్షించి చూసుకోలేదు. పెట్టేసి టీకి వచ్చేశాను."

ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అని అవతల అడిగినట్టున్నారు. మామ మా అందరి మొహాలూ ఓసారి చూసి, "లేదండీ, అంతే" అన్నాడు.