తెరమీద వానకు విత్తనాలు వొలిచిన ఊరు

అధ్యక్షస్థానంలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న మా హెడ్మాస్టరు గంగాధరప్పగారికి, మాజీ సమితి ప్రెసిడెంటు, నేటి ముఖ్య అతిథి ఆదెన్నగారికి, పనులు మానుకుని వచ్చిన ఊరి పెద్దలకు, తల్లులకు, తోటి అయ్యవార్లకు, ముందర చాపల మీద కూర్చుని మిఠాయి ఎప్పుడు పంచుతారా అని చూస్తున్న పిల్లలకు, అందరికంటే ముఖ్యంగా ఈ రోజుతో మా చేతుల్లోంచి తప్పించుకుని పోతున్న మా తెలుగు టీచరు లక్ష్మీనరసమ్మగారికి నమస్కారాలు.

లెక్కల అయ్యవారు ఈశ్వరప్పకు అయిదు నిమిషాలు అని హెడ్మాస్టరుగారు ముందే చెప్పినారు. అయిదు నిమిషాలంటే ఎంతో నాకు బాగా తెలుసు. తెలిసినా ఆగను. (నవ్వులు)

నాకు ముందు మాట్లాడినవాళ్ళు టీచరమ్మను సరస్వతి అన్నారు, అన్నపూర్ణ అన్నారు. ఓర్పులో భూదేవి అని కూడా ఒకాయన అన్నాడు. ఆ పెద్దమనిషి ఆమె క్లాసులో ఒక్కరోజు కూర్చుని ఉంటే ఆ మాట అనడు. (నవ్వులు) ఒకసారి నాకు ఒళ్ళు కాలిపోతుంటే సెలవు చీటీ రాసి పిల్లోడి చేత బడికి పంపినాను. అది దోవలో ఈమె కంట పడింది. 'తీవ్రమైన జ్వరం' అని రాసి ఉంటే 'తీవ్రమైన' కొట్టేసి, 'ఎంత ఉందో చూసి రాయండి' అని తిప్పి పంపింది. ఆమె హెడ్మాస్టరు కూడా కాదు. అసలు హెడ్మాస్టరేమో నాకు సెలవు ఇచ్చేసినాడు, ఈమె మాత్రం ఇవ్వలేదు. (నవ్వులు)

ఇట్లాంటి మనిషి చేతికి ఏడేళ్ళ కిందట ఒక సినిమా పండుగ దొరికింది. ఆ సంగతి చెప్పి దిగిపోతాను. టీచరమ్మా, అట్లా చూడొద్దు, ఈ రోజు మైకు నా చేతిలో ఉంది.

అది బాలల సంవత్సరం. అనంతపురంలో ఒక హాలు తీసుకుని మూడు రోజులు పిల్లల సినిమాలు వేస్తామన్నారు. ఆ పండుగ వార్తలు పెద్దవాళ్ళు కాకుండా పిల్లలే రాయాలని ఎవరికో మంచి బుద్ధి పుట్టింది. టౌను బళ్ళతో పాటు ఒక పల్లె బడి కూడా ఉంటే బాగుంటుందన్నారు. అంతే, మా టీచరమ్మ వెనకాముందు చూడకుండా మన బడి పేరు ఇచ్చేసింది. పిల్లలకు మూడు సూత్రాలు నేర్పించింది. చూసింది రాయండి. అనిపించింది రాయొద్దు. అసలు సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. ఈ మూడూ వంటబట్టాలని పండుగకు ముందు ఒక వారం పిల్లలను ఊరి మీదకు తోలింది. ఆ వారం ఊళ్ళో ఎవరికీ మనశ్శాంతి లేదు. బడి ముందర నల్లబోర్డు మీద రోజూ వార్తలు. హోటలు రామదాసు దోసె ఎంత వెడల్పు ఉందో కూడా కొలిచి రాసినారు. ఆ మరునాటి నుంచి దోసె పెద్దదయింది. అదిగో, రామదాసు తల వంచుకుని నవ్వుతున్నాడు. (నవ్వులు)

తెల్లగుడ్డ బిళ్ళల మీద 'విలేకరి' అని టీచరమ్మే దారంతో కుట్టి పిల్లల చొక్కాలకు పిన్నులు పెట్టింది. ఆ బిళ్ళ పెట్టుకున్నాక మన సుంకన్నను పట్టలేకపోయినాము. బొంబాయి నుంచి ఒక నిర్మాత వచ్చినాడు. పగటిపూట, హాలు లోపల కూడా నల్లకండ్లద్దాలు తీయడు. సుంకన్న పోయి, "సార్, మీకు కండ్లకలక ఎన్నాళ్ళనుంచి ఉండాది?" అని అడిగినాడు. ఎవరో హిందీలో చెబితే ఆయన లేదు లేదు అని చేతులు ఊపినాడు. మావాడు రాసింది వినండి: 'నిర్మాతగారు తనకు కండ్లకలక లేదని చెప్పినారు. కానీ అద్దాలు తీయలేదు.' (పెద్ద నవ్వులు) దాంట్లో తప్పేముంది? చూసిందే రాసినాడు. టీచరమ్మ కూడా దానికి 'బాగుంది' అని పెట్టింది. ఆమె 'బాగుంది' అనడం నేను విన్నది ఆ ఒక్కసారే. నా పెళ్ళి విందుకు కూడా అనలేదు.

ఆ పిల్లల్లో నల్లమ్మ అని ఎనిమిదో తరగతి పిల్ల ఉండేది. మన ఈరప్ప బిడ్డ. ఈరప్పకు మెట్టచేను, ఒక మేకల మంద. ఆ యేడు బిడ్డను బడి మానిపించి మేకల వెంట పంపాలని ఆయన ఉద్దేశం. టీచరమ్మ ఇంటికి పోయి బతిమాలితే, "ఈ సినిమా పండగ అయ్యేదంక రానీలేమ్మా, ఆ తర్వాత సూద్దాం" అన్నాడు. మన ఊళ్ళో 'సూద్దాం' అంటే ఏమో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. నల్లమ్మకూ తెలుసు. అందుకే ఆ పిల్ల ఆ మూడు రోజులూ అందరికంటే ఎక్కువ రాసింది. హాల్లో ఎవరు ఏం మాట్లాడినా వదలలేదు. తన వార్తలు బాగుంటే నాయన మనసు మారుతుందని దాని ఆశ.

ఇప్పుడు అసలు సంగతి. ఇప్పటికే నేను టీచరమ్మ మూడో సూత్రం తప్పినాను. (నవ్వులు)

అది జూలై నెల. ఆ యేడు అంతవరకు మన దిక్కు చినుకు లేదు. విత్తనం శనక్కాయలు మూటల్లో, విత్తే గొర్రు గోడకు ఆనుకుని, జనమంతా ఆకాశం వైపు. రెండో రోజు మధ్యాహ్నం ఏదో వేరే రాష్ట్రం సినిమా వేసినారు. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్లలకు తోడు పోయిన నేను సగం నిద్రలో ఉన్నాను. ఉన్నట్టుండి తెరమీద మబ్బు పట్టింది. ఉరిమింది. వాన మొదలయింది. అయ్యా, అదేం వానండీ! ఆగదే! కాలువలు పారినాయి, కుంటలు నిండినాయి. హాల్లో ఒకరు లేచినారు, పక్కనాయన లేచినాడు, ఆ తర్వాత హాలు మొత్తం లేచి చప్పట్లు, ఈలలు. ముసలాయన ఒకడు తెరకు దండం పెట్టినాడు. మా టీచరమ్మ నాకంటే ముందే లేచింది. నేనే సాక్షి. 'అనిపించింది రాయొద్దు' అనే మనిషి కండ్లలో నీళ్ళు కూడా నేను చూసినాను. ఆమె దుమ్ము పడిందని చెబుతుంది. తలుపులన్నీ మూసిన హాల్లో యాడి దుమ్మమ్మా?

సాయంత్రం బస్సుకు పిల్లల వార్తలు ఊరికి పోవాలి. బస్సు కదులుతోంది. నల్లమ్మ రాసింది టీచరమ్మ గబగబా చూసి పంపించింది. అందులో ఏముందంటే: 'అనంతపురంలో ఈ మధ్యాహ్నం పెద్ద వాన పడింది. విత్తడానికి చాలినంత పదును అయింది. వంకలు పారినాయి. జనం లేచి చప్పట్లు కొట్టినారు.' దాంతో పాటు సుంకన్న రాసిన కండ్లకలక, ఇంకా నాలుగైదు సినిమా సంగతులు ఉన్నాయి. ఇక్కడ వాటిని బోర్డు మీదకు ఎక్కించే పని పదో తరగతి రామాంజులుది. వాడు అన్నీ చదివినాడు. బోర్డు చిన్నది. ఊరికి కావలసింది ఒక్కటే అనుకుని మిగతావన్నీ పక్కన పెట్టి, వాన వార్త ఒక్కటే ఇంతింత అక్షరాలతో రాసినాడు. వాడిని నేను తప్పుపట్టను. మన తాలూకాలో ఎవరు ఉన్నా అదే చేస్తారు.

ఆ తర్వాత జరిగింది మేము తిరిగి వచ్చినాక విన్నదే. బోర్డు చుట్టూ జనం మూగినారు. అనంతపురంలో అంత పడితే రేపో మాపో మనకు రాకుండా పోతుందా? ఎవరో ఒకరిద్దరు, "వాన పడితే చప్పట్లు కొట్టేదేందప్పా?" అని అడిగినారట. "ఇన్నాళ్ళకు పడితే కొట్టరా మరి?" అని నోరు మూయించినారట. ఈరప్ప చదువు రానివాడు. "ఇది రాసింది ఎవురు?" అని అడిగినాడు. మీ నల్లమ్మే అన్నారు. "నా బిడ్డ రాసినాదంటే అది నిజమే" అని, అందరికంటే ముందు ఇంటికి పోయి విత్తనం మూటలు దించినాడు. ఆయనను చూసి ఊరంతా కాయలు వొలిచింది. పిల్లలారా, మీకు తెలియకపోతే మీ నాయనలను అడగండి. కాయలో ఉన్నంతవరకే విత్తనం భద్రం. వొలిచినాక వెంటనే భూమిలో పడకపోతే చెడిపోతుంది.

మూడోనాడు సాయంత్రం మేము బస్సు దిగితే ఊరంతా అక్కడే ఉంది. "అమ్మా, వాన ఎట్ల పడింది? ఇట్ల వస్తుందంటారా?" అని ఒకటే అడగడం. టీచరమ్మ, "వానా? యాడి వాన?" అనింది. (ఆగి) జరిగింది తెలిసినాక ఒకాయన, "మీకు నెల కాగానే జీతం వస్తుంది తల్లీ, మా గింజలు మళ్ళీ ఎవురిస్తారు?" అన్నాడు. ఈరప్ప బిడ్డ దగ్గరికి వచ్చి, "సదివింది సాలు. రేపట్నుంచి మేకలకు పో" అన్నాడు. నల్లమ్మ చొక్కాకు ఉన్న బిళ్ళ పిన్ను తీసి టీచరమ్మ చేతిలో పెట్టి నాయన వెంట పోయింది.

మరునాడు పొద్దున్నే టీచరమ్మ ఈరప్ప ఇంటికి బయలుదేరింది. నేను వద్దన్నాను. ఊరు వేడి మీద ఉంది, నాలుగు రోజులు ఆగుదాం అన్నాను. వినలేదు. గోనెపట్ట మీద వొలిచిన గింజలు అట్లాగే పోసి ఉన్నాయి. ఊరి జనం చుట్టూ చేరినారు. అందరి ముందర ఆమె చెప్పింది: "తప్పు ఈ పిల్లది కాదు. దిద్ది పంపించింది నేను. నేను కూడా ఆ వానకు చప్పట్లు కొట్టినా. తప్పు నాది, మన్నించండి." అని చేతులు జోడించింది. తర్వాత నల్లమ్మను పిలిచి, "విలేకరి తప్పు రాస్తే ఏం చేయాలి?" అని అడిగింది. ఆ పిల్ల ఏడుస్తానే, "సరి చేసి మళ్ళా రాయల్ల టీచర్" అనింది. "రాయి. రాసి అందరికీ చదివి వినిపించు" అని కాగితం ఇచ్చింది.

నల్లమ్మ రాసింది నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. 'అనంతపురంలో వాన పడలేదు. సినిమాలో పడింది. మేము వానను చూసి చాలా కాలమయింది. అందుకని ఆ తేడా రాయడం మరిచిపోయినాము.'

ఈరప్ప గింజల వైపు చూసి, బిడ్డను అడిగినాడు: "మరి ఆ సినిమాలో అంత వాన పడినాది గదా, వాళ్ళు విత్తినారా?"

"లేదు నాయనా. పాట పాడినారు."

(పెద్ద నవ్వులు, చప్పట్లు) ఆ రోజు కూడా అచ్చం ఇట్లాగే నవ్వినారు. గింజలు పోయినవాళ్ళు కూడా పొట్ట పట్టుకుని నవ్వినారు. "అంత పదునైతే పాట పాడుకుంటా పోయినారా! వాళ్ళింట్లో అన్నం ఎట్ల ఉడుకుతాదప్పా!" అని ఈరప్ప నవ్వీ నవ్వీ కండ్లు తుడుచుకుని, టీచరమ్మతో, "బిళ్ళ ఇయ్యమ్మా దానికి" అన్నాడు. బిడ్డతో, "ఇంగ యాడన్నా వాన పడితే పోయి సూసి రాయి. ఈతూరి యాడ పడినాదో సరింగా రాయి" అన్నాడు.

నవ్వినంత మాత్రాన వాన రాలేదు. చాలా రోజుల తర్వాత ఏదో పడిందనిపించింది. ఈరప్ప వొలిచిన గింజల్లో మొలిచింది సగం కూడా లేదు. ఆ పంటకాలమంతా టీచరమ్మ సాయంత్రాలు ఆ చేని గట్టు దాకా నడిచిపోయి నిలబడి చూసి వచ్చేది. నేను ఏడేళ్ళుగా ఆ వాన పేరు చెప్పి ఈమెను ఏడిపిస్తూనే ఉన్నాను. ఎగతాళి మానితే నిజం చెప్పాల్సి వస్తుందని భయం. ఈ రోజు చెప్పేస్తాను. అయ్యవారు అనే మనిషి పిల్లల ముందర, ఊరి ముందర చేతులు జోడించి తప్పు నాది అనడం నేను అంతవరకు చూడలేదు. ఆ పొద్దు నుంచి నాకు మీరంటే గౌరవం టీచరమ్మా. మీరు లేని స్టాఫు రూములో నేను ఎట్లా కూర్చోవాలో నాకు తెలియడం లేదు. (ఆగి) ఏం లేదు, దుమ్ము.

నల్లమ్మ ఇప్పుడు నల్లమాడ దగ్గర ఒక పల్లె బళ్ళో టీచరు. సెలవు పెట్టి వచ్చి ఆ ఆడవాళ్ళ మధ్యలో కూర్చుంది. ఆమెను గురించి గొప్పగా చెప్పాలని ఉంది కానీ ఆ విశేషణాలు ఎవరు కొట్టేస్తారో తెలుసు.

అధ్యక్షులవారికి ఒక మనవి. శాలువా ముఖ్య అతిథిగారు కప్పాలని కార్యక్రమంలో ఉంది. ఆదెన్నగారు పెద్దమనసు చేసుకుని నన్ను మన్నించాలి. ఆ శాలువా ఇట్లా ఇవ్వండి. వెనక గోడ దగ్గర నిలబడి ఉన్నాడు చూడండి, ఈరప్పా, నిన్నే! "నేనెందుకప్పా?" అంటావా? ఆ యేడు బడిని నమ్మి అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నవాడివి నువ్వు. ఆ మరునాడే బిడ్డ చేయి పట్టుకుని బడిలో మళ్ళీ దిగబెట్టి పోయినవాడివీ నువ్వే. టీచరమ్మకు శాలువా కప్పే హక్కు ఈ హాల్లో నీకంటే ఎవరికి ఉంది? చేతులు తుడుచుకోవాల్సిన పని లేదు, అట్లే రా. దారి ఇవ్వండి పిల్లలూ, దారి ఇవ్వండి.

(చప్పట్లు)

ఇచ్చిన టైముకంటే ఎక్కువసేపు నన్ను భరించిన మీకందరికీ కృతజ్ఞతలు. ఇక నేను పక్కకు జరుగుతాను, ఆయన వస్తున్నాడు. సెలవు.