పళ్లెంలో మూడు పూలు

ఎడారి దేశపు యాన్బు కార్మికుల క్యాంపు గదిలో డ్యూటీ దిగివచ్చిన తోటపనివాళ్లు ఇద్దరే ఉన్నారు. చిన్నవాడు పళ్లెంలో సూదుల బిళ్ల పెట్టి దానికి పూలకాడలు గుచ్చుతున్నాడు. పదహారేళ్లుగా ఎండలోనే పనిచేసిన పెద్దవాడు చెమట చొక్కా విప్పకుండా అతన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఏందిరా తమ్మీ అది?"

"విల్లాల ఉండే జపాను సారు నేర్పిండన్నా. పూలు పేర్చుడు. డ్యూటీ దిగినంక జెర నిమ్మళంగుంటది."

"పేర్చుడా? మా అక్క బతుకమ్మ పేరుస్తే తాంబాలం కనవడదు. నువ్వు మూడే గుచ్చినవ్. మిగతయి ఎవలకిచ్చినవ్?"

"మూడేనన్నా. సగం ఖాళీగ ఉంచాల్నట."

"ఖాళీగ ఉంచనీకి సారు నేర్పాల్నా? నిజం జెప్పు. ఆయన విల్లాల లోపలి మొక్కల డ్యూటీ ఒక్కనికే ఉంది. ఏసీల పని. దానికే గదా ఈ ఏషాలు?"

"అయ్యో, లేదన్నా."

"మొన్న నేను సలాం కొడితే సారు నా దిక్కు సూడలే. నా మీద ఏం జెప్పినవ్?"

"ఏం జెప్పలే. సారు శుక్రవారం జపాను పోతుండు, మల్ల రాడు. పోతపోత ఈ సూదుల బిళ్ల నాకిచ్చిండు."

పెద్దవాడు పళ్లెం వంకా, వాడి మొహం వంకా మార్చి మార్చి చూశాడు.

"మరి ఇంక ఎవలకోసం గుచ్చుతున్నవ్?"

"నాకోసమే."

ఆ మాట అతనికి బొత్తిగా నమ్మబుద్ధి కాలేదు. దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"సరే తియ్. కొత్తగ వచ్చే సారుకు ఏమిష్టమో అది జెప్పు. ఈపారి ముందుగాల నేను నేర్చుకుంట."