సున్నపు గీతలు చెరిపించిన ఇంజనీరు శ్రీమతి భాగ్యలక్ష్మి గారు

1989 జూలై మూడవ తేదీ సోమవారం ఉదయం, నందిపేట్ నుంచి వచ్చే మొదటి బస్సు దిగి, చీర అంచుకు అంటిన పసుపు చేను మట్టి ఇంకా ఆరకముందే, శ్రీమతి భాగ్యలక్ష్మి గారు నిజామాబాద్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగంలో చేరారు. రోడ్డు పని చూడడానికి ఆడమనిషి వస్తుందని ఎవరూ ఊహించని రోజులవి. తొలినాడు ఆమెకు టైపు గదిలో కుర్చీ వేశారు. ఆ కుర్చీలో ఆమె కూర్చున్నది పదిహేను నిమిషాలు. తదాదిగా ముప్పై ఏడు సంవత్సరాల సుదీర్ఘ సేవాకాలంలో ఆమెను కుర్చీలో చూసినవారు తక్కువ, దారి మీద చూసినవారు ఎక్కువ.

మొదటి పదేళ్లు మురుగు కాలువలతో, మంచినీటి గొట్టాలతో గడిచాయి. 2003లో సహాయ ఇంజనీరుగా పదోన్నతి పొందారు. 2015 గోదావరి పుష్కరాలకు కందకుర్తి సంగమం వద్ద యాత్రికుల కాలిదారుల బాధ్యతను స్వీకరించి, వేసిన బాటను వదిలి జనం పక్కనుంచి ఎందుకు నడుస్తున్నారో పన్నెండు రోజులు ఓపికగా గమనించారు. బాట వేసేవాడు ముందు నడిచేవాడి వెనుక నడవాలన్న ఎరుక తనకు అక్కడే కలిగిందని ఆమె పలుమార్లు చెప్పేవారు.

2019లో ఉప కార్యనిర్వాహక ఇంజనీరుగా బోధన్ చేరుకున్న ఆమెకు, అసలైన పరీక్ష గంజ్ రోడ్డు రూపంలో ఎదురైంది. పన్నెండు వందల మీటర్ల ఆ దారిలో పొద్దున ఎనిమిది దాటితే బడికి పోయే ఆడపిల్లల సైకిళ్లు, బీడీ గంపలతో ఖార్ఖానాకు నడిచే అక్కలు, ఆటోలు, మోటారు సైకిళ్లు, చెరకు కాలంలో నిండు ట్రాక్టర్లు, అన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ సాగుతాయి. కాలిబాటను తొలగించి గోడ నుంచి గోడ దాకా బండ్లకే తారు వేయాలన్న ప్రతిపాదన 2023 చివరలో వచ్చింది. భాగ్యలక్ష్మి గారు అదే వెడల్పులో నడిచేవారికి, సైకిళ్లకు, బండ్లకు వేర్వేరు జాగాలు చూపే పటం గీసి పై అధికారి ముందుంచారు. నెల రోజుల్లో ఇది అందరికీ కుదురుతుందని రుజువు చేయాలి, లేదంటే కాలిబాట కొట్టివేయాలి, ఇదీ వారు పెట్టిన షరతు. ఒకసారి తారు పడితే నడిచేవారికి ఆ జాగా మళ్లీ దక్కదని మా అందరికీ తెలుసు.

2024 జనవరిలో, సున్నంతో గీతలు గీయించి, ఇసుక నింపిన పాత పసుపు బస్తాలను వరుసగా పేర్పించి ప్రయోగం మొదలుపెట్టాం. మొదటి మూడు రోజులు ఆశ్చర్యమే. బాటలో అడ్డంగా పెట్టిన బండి ఒక్కటీ లేదు. మూడవనాటి సాయంత్రమే విజయవంతమైనదని నివేదిక పంపించాం.

నాలుగవ రోజు ఉదయం, ఖాళీ బాటను వదిలి బండ్ల నడుమ నడుస్తున్న సాయవ్వ అనే బీడీ కార్మికురాలిని మేడం గారు ఆపి, ఇటు ఎందుకు నడవవని అడిగారు.

“ఎవ్వలొస్తున్నరు బిడ్డా? మూడు దినాలసంది సూస్తున్న, ఇంకా రాకపాయె” అన్నది సాయవ్వ.

“ఎవ్వలూ వస్తలేరు అవ్వా. గా దారి మీకే.”

“మాకా? మాకెందుకు సున్నం ఏస్తరు, పరాచికాలాడకు. పెద్దోళ్లొచ్చి పోయినంక నడుస్తం తియ్.”

నాయకులు వచ్చే ముందు దారికి ఇరువైపులా సున్నం గీయడం మన ఊళ్ల ఆనవాయితీ. ఆ గీత కనబడితే బండి పక్కకు తీయాలని పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మాట ఇంత చదువుకున్న మాకే తట్టలేదు.

నివేదిక పోనే పోయింది, లెక్క మంచిగనే ఉంది, కదపవద్దని సలహా ఇచ్చినవారిలో ఈ వ్యాసకర్త కూడా ఒకడు. మేడం గారు నా వంక చూసి నెమ్మదిగా అన్నారు: “మినిస్టరుకు భయపడి జరిగిన బండ్లను మన గొప్పల రాసుకున్నం పోశన్నా. ఆ కాయిదం నువ్వు వాపస్ తెస్తవా, నన్నే పొమ్మంటవా?”

తామే వెళ్లి తెచ్చారు. గడువు ఒక్క దినం కూడా పెరగలేదు, లెక్క మాత్రం సున్నా నుంచి మొదలైంది. సున్నం చెరిపించి బస్తాలు మాత్రమే ఉంచిన మర్నాడు పది గంటలకల్లా బాట నిండా మోటారు సైకిళ్లే.

ఆటో యూనియన్ నాయకుడు రాజేష్ అందరి ముందే నిలదీశాడు. “సైకిలోల్లకు గింత, నడిచెటోల్లకు గింత అని పంచుతున్నరు. మేము గాలిల నడుపాల్నా మేడం?” మేడం గారు అతని ఆటో ఎక్కి కూర్చున్నారు. రెండు రోజులు అతనితో తిరిగి, అతడు ఎక్కడెక్కడ ఆగుతున్నాడో కాగితం మీద గుర్తు పెట్టుకున్నారు. ఆగడానికి జాగా లేకనే అతడు నడిరోడ్డున ఆగుతున్నాడని తేలింది. ఎక్కువసార్లు ఆగిన నాలుగు చోట్ల బస్తాలు వెనక్కి జరిపి ఆటోలకు నిలుపు జాగా ఇచ్చారు. ఆ తరువాత బాటలో బండి పెట్టినవారిని మాకంటే ముందు తిట్టింది రాజేషే.

రైతు పున్నయ్య గారిని బతిమాలి నిండు చెరకు ట్రాక్టరును రప్పించి ఆ రోడ్డు మలుపులో తిప్పించారు. చెరకు కొనలు రెండు బస్తాలను ఈడ్చుకుపోయాయి. మలుపును రెండడుగులు వెడల్పు చేయించారు. బాట ఎత్తుకు సాయవ్వ మోకాళ్లు లేవడం లేదంటే, ఎత్తు తగ్గించి కొసలకు వాలు పెట్టించారు. ఆ రోజుల్లో ఆమె మధ్యాహ్న భోజనం రోడ్డు మీదనే. డబ్బా చేర్చిన వారి భర్త వేణు గారికి, అమ్మ కోసం ఆదివారాలు వదులుకున్న కుమార్తె శృతికి మా విభాగం సవినయంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది.

ముప్పయ్యవ రోజు పై అధికారి చెప్పకుండా వచ్చి, మలుపు దగ్గర ఎనిమిది నుంచి పది దాకా నిలబడ్డారు. ట్రాక్టరు ఆగలేదు, సైకిలు దిగవలసిన పిల్ల లేదు, గంప నెత్తిన పెట్టుకున్న సాయవ్వ వెనక్కి తిరిగి చూసుకోకుండా నడిచిపోయింది. వారు అక్కడే, ఆటో మీద కాగితం పెట్టి సంతకం చేశారు.

2025 నాటికి ఎనిమిది వందల మీటర్లు శాశ్వతంగా పూర్తయ్యాయి. రైలు గేటు వైపు మిగిలిన నాలుగు వందల మీటర్లకు దుకాణదారుల అభ్యంతరాలు ఇంకా తీరలేదు. ఈ జూన్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్న భాగ్యలక్ష్మి గారు ఆ దస్త్రాన్ని మాకు అప్పగిస్తూ ఉపదేశాలేవీ చేయలేదు. పొద్దున ఎనిమిదింటికి అక్కడ నిలబడుమని మాత్రం అన్నారు. నిలబడుతున్నాం. ఆ నాలుగు వందల మీటర్లు ఇక మా పూచీ.

ఆ మిగిలిన దారిని ఆమె కొస దాకా నడిచి చూసి, తప్పుంటే మమ్మల్ని నిలదీసి మళ్లీ చేయించేంత గట్టి కాళ్లను, కంటిచూపును, సంపూర్ణ ఆరోగ్యాన్ని భగవంతుడు ఆమెకు ప్రసాదించాలని, ఆ తరువాత కూడా కుటుంబసమేతంగా నిండు నూరేళ్లు ఆ దారినే పోతూ వస్తూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.

— పోశన్న, పర్యవేక్షకులు, ఇంజనీరింగ్ విభాగం