పదిహేడో నంబరు అడుగులు

యూనివర్సిటీలో పరిశోధనలకు అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీ గది. బల్లకు అటు కమిటీ అధ్యక్షురాలు, ఇటు పీహెచ్‌డీ విద్యార్థిని.

"ఇరవై ఒక్క వేలు! ఒక్క రోజులో! మనిషా, గుర్రమా?"

"మేడం, నేనూ అదే..."

"నీ స్టడీ దేని మీద? మళ్ళీ చెప్పు. నవ్వకుండా వింటాను."

"కుర్చీలో కూర్చుని పనిచేసే సిబ్బంది నడక, బీపీ మీద మేడం. నలభై మందికి అడుగులు లెక్కపెట్టే వాచీలు కట్టించాం."

"కుర్చీలో కూర్చునే మనిషి ఇరవై ఒక్క వేల అడుగులా? కుర్చీతో సహా నడిచాడా?"

"మిగతా ముప్పై తొమ్మిది మందివీ సరిగ్గానే ఉన్నాయి మేడం. ఈ పదిహేడో నంబరే..."

"పాలసీ తెలుసుగా? తప్పుడు లెక్క వస్తే బాధ్యులెవరో తేలాలి. తేలకపోతే స్టడీ మొత్తం రద్దు."

"మూడేళ్ళ పని మేడం!"

"అయితే పదిహేడో నంబరు పేరు చెప్పు. పిలిపించి కడిగేస్తాను. నీ మూడేళ్ళూ నీకే."

"నాకూ తెలియదు మేడం. వాచీలు పంచింది హెల్త్ సెంటర్ నర్సు. పేర్లు సీలు కవర్లో ఉన్నాయి. విప్పితే స్టడీ రద్దు. అదీ మీ పాలసీయే."

"అవును కదూ... మంచి పాలసీ."

"నవ్వుతున్నారా మేడం?"

"లేదు, దగ్గొచ్చింది. వాచీని కుక్క మెడకి కట్టి వదిలాడేమో?"

"అడుగులన్నీ పదిన్నర నుంచి అయిదు దాకానే మేడం. లంచ్‌లో ఒక్కటీ లేదు!"

"ఆఫీసు కుక్కేమో."

"మేడం! నాడి చూస్తే పడుకున్న మనిషిలా ఉంది. బీపీ మాత్రం ఈ నెల మొదట్నుంచి పెరుగుతూనే ఉంది."

"చాలు, చాలు. పదకొండింటికి నాకు మీటింగు. ఇదిగో రద్దు ఉత్తర్వు. గుమస్తా గారూ! ఇలా వచ్చి ముద్రలు వెయ్యండి."

"వస్తున్నా, వస్తున్నా. ఎన్ని పేజీలు మేడం?"

"పన్నెండు. నాలుగు ప్రతులు."

"నలభై ఎనిమిది. అమ్మాయ్, ఆ ఇంకు ప్యాడ్ ఇటు జరుపు. ఏంటి తల్లీ, ఏడుస్తున్నావా?"

"నా స్టడీని రద్దు చేసే కాగితాలే బాబాయ్ అవి."

"అయ్యయ్యో! మరి మెల్లగా వెయ్యనా?"

"గుమస్తా గారూ!"

"వేస్తున్నా మేడం. ఒకటి... రెండు... మూడు..."

"బాబాయ్, ఆగండి. మీ కుడిచేతికి ఆ వాచీ ఏంటి?"

"నర్సమ్మ ఇచ్చింది. ఎడం చేతికి మా మామగారిచ్చిన వాచీ ఉందిగా. అది తీస్తే మా ఆవిడ ఊరుకుంటుందా?"

"దాని వెనక నంబరెంత?"

"పదిహేడు. ఎందుకూ?"

"పదిహేడా!"

"పదిహేడా? గుమస్తా గారూ, మీరా! ఎక్కడ నడుస్తున్నారండీ అన్ని అడుగులు?"

"నేనా? మోకాళ్ళ నొప్పులతో బాత్రూముకే వాయిదాలేస్తున్నా మేడం!"

"బుకాయించకండి. లెక్కుంది!"

"ఒక్క నిమిషం మేడం. బాబాయ్, ఇంకో ముద్ర వెయ్యండి."

"ఇదిగో."

"ఇంకోటి."

"ఇదిగో."

"మేడం, వాచీ చూడండి! ప్యాడ్ మీద కొడితే ఒక అడుగు, కాగితం మీద కొడితే ఇంకో అడుగు!"

"అరె! అరెరె! ఏదీ, ఆ వాచీ ఇలా ఇవ్వండి, నన్నూ కొట్టనివ్వండి... అవునే!"

"అంటే నేను కూర్చునే నడిచేశానా? మా ఆవిడకి చెప్పాలి. రోజూ నడవమని ప్రాణం తీస్తోంది."

"ఉండండి. రోజుకి పదివేల ముద్రలెందుకండీ? వెయ్యి చాలవూ?"

"పోయిన నెల దాకా చాలేవి మేడం. ఆఖరి పేజీకి ఒక్కటి కొడితే సరిపోయేది. మొదటి తారీఖున సర్క్యులరొచ్చింది కదా, ప్రతి పేజీకీ ముద్ర, అన్నిటికీ నాలుగు ప్రతులు అని."

"మొదటి తారీఖు! లెక్క ఎగిరింది ఆ రోజే మేడం! బీపీ కూడా!"

"అంటే తప్పు వాచీది కాదు. ఈయనదీ కాదు."

"నాదీ కాదు కదా మేడం?"

"నీదెందుకవుతుందే పిచ్చిదానా! దొరికాడు! ఆ సర్క్యులరిచ్చిన మహానుభావుడే బాధ్యుడు. రద్దు కాగితాలు చించెయ్యండి. సంజాయిషీ నోటీసు రాయండి!"

"రాస్తున్నా... బాధ్యుల పేరు దగ్గర ఏం రాయమంటారు?"

"సర్క్యులరు కింద సంతకం ఎవరిదో చూసి రాయండి. ఎంత పెద్దవాళ్ళయినా సరే, మొహమాటం వద్దు."

"చూడక్కర్లేదు మేడం, కంఠతా వచ్చు. నిజంగా రాసెయ్యనా?"

"రాసెయ్యండి. పైకి చదువుతూ రాయండి, ఈ పిల్ల కూడా వింటుంది."

"ఎథిక్స్ కమిటీ... అధ్యక్షురాలు. తమరే మేడం."