రూల్స్ చదివినవాడు

మౌంట్ రాస్కిల్‌లో శశాంక్‌ని ఎక్కించుకుని విజయకుమార్ కారు ఆల్బనీ ఆఫీసు దారి పట్టింది. విజయకుమార్ ఆన్‌లైన్ పందేల కంపెనీలో మేనేజరు. శశాంక్ వేరే ఉద్యోగం చేసుకుంటూనే, తెలుగులో క్రికెట్ జోస్యాలు చెప్పే చానల్ ఒకటి నడుపుతూ ఆ కంపెనీకి మనుషుల్ని చేర్చిపెడతాడు. వాళ్ళు ఓడినదాంట్లో అతనికి వాటా. ఒక ఫిర్యాదు మీద ఇవాళ కుర్రాణ్ణి ఆ ఆఫీసులో విచారణకి పిలిచారు.

"అది కాదన్నా, లోపల నేను ఏమని చెప్పాలె మరి?"

"చెప్తున్నా కదా. ముందు నువ్వా సీటు బెల్టు పీకడం ఆపు. కంపెనీ లాయరమ్మ అడుగుతుంది, మా రూల్స్ నీకు అందాయా అని. అందాయండీ అంటావు. అంతే."

"అందినయా?"

"అందలేదా? నెలనెలా మెయిల్ వస్తుందిగా."

"వస్తది. ఇంగ్లీషుల, ఇంత పొడుగు. అది వచ్చిన అర్ధగంటకు నువ్వు ఫోన్ చేస్తవు. తమ్ముడూ, ఆ మెయిల్ పట్టించుకోకు, అది లాయర్ల తృప్తికి అంటవు."

"అన్నానా?"

"అనలేదా అన్నా?"

"అన్నానేమో. ఫోన్లో మాట్లాడుకున్నవన్నీ ఇప్పుడెందుకు?"

"ఫోన్లనే గదా చెప్పింది మొత్తం! పక్కా గెలుపు అని రాయొద్దు అని మెయిల్ల ఉంటది. అట్ల రాయకపోతే లింక్ ఎవడు నొక్కుతాడ్రా అని నువ్వు ఫోన్ల అంటవు. వద్దనేది ఇంగ్లీషుల వద్దంటరు, చెయ్యమనేది తెలుగుల చెయ్యమంటరు. నేను ఏది వినాలె?"

"శశాంక్. ఇదిగో, ఇటు చూడు. లోపల ఫోన్ అన్న మాటే ఎత్తకు. ప్రభుత్వం మనిషి కూడా ఒకాయన ఉంటాడు."

"ప్రభుత్వం మనిషా? కంపెనీ వాళ్ళే అన్నవు!"

"కంపెనీ వాళ్ళే. ఆయన ఊరికే, పక్కన కూర్చుంటాడు."

"ఊరికే ఎవరన్న కూర్చుంటరా? అన్నా, ఈడనే ఉండిపోనీకి పెట్టిన నా రెసిడెన్సీ ఫైలు ఇమిగ్రేషన్ల ఉంది. చట్టం తప్పిండని ఒక్క ముక్క రాసిన్రంటే అయిపోయినట్టే. నా భార్య నవీన వీసా గూడ నా మీదనే ఉంది. ఆమెకు ఇంకా చెప్పనే లేదు."

"చెప్పకు. ఎందుకు పాపం, కంగారు పడుతుంది. ఎవరూ పొమ్మనరు నిన్ను. తప్పు ఒప్పుకుంటే వార్నింగ్ ఇచ్చి వదిలేస్తారు."

"వదిలేస్తరా?"

"వదిలేస్తారనే అనుకుంటున్నా."

"అనుకుంటున్నవా!"

"ఖర్మ, బ్రిడ్జి మీద ట్రాఫిక్ చూడు. లేటైతే అదో పేచీ."

"కంప్లైంట్ ఇచ్చింది సుభద్ర ఆంటీయే గదా?"

"పేర్లు మనకి చెప్పరు రా."

"ఆంటీయే. ఇంకెవరు? నేను స్టూడెంట్‌గ ఉన్నప్పుడు ఆదివారం ఆదివారం పిలిచి అన్నం పెట్టింది. గోంగూర డబ్బాల కట్టిచ్చింది. పోయి పోయి ఆమె భర్తనే చేర్చిన నేను."

"నువ్వు రెక్క పట్టుకుని లాక్కొచ్చావా? కృష్ణారావు గారేమన్నా చిన్నపిల్లాడా?"

"చేరిండు, పోగొట్టుకున్నడు, బుద్ధొచ్చి తనే బంద్ చేయించుకున్నడు. నన్ను మళ్ళ ఆడనియ్యకున్రి అని కంపెనీకే రాసిచ్చిండు. అసొంటి మనిషికి నేను మన కంపెనీదే రెండో సైట్ లింక్ కొట్టిన. అంకుల్, మీకోసమే ఫ్రీ బెట్టు, ఒక్కసారి రండి అని. అంకుల్ అని రాసిన అన్నా! సిగ్గుతోని చస్తున్న."

"ఆయన మూసేసుకున్నాడని నీకు తెలీదు కదా."

"తెల్వదు. పేర్లు ఇచ్చింది నువ్వు. వీళ్ళంతా చప్పబడ్డారు, మళ్ళీ లేపు తమ్ముడూ అన్నవు. పనుల పడి ఆగిన్రేమో అనుకున్న."

"నేను ఇచ్చానని ఎక్కడుంది?"

"చదివి చెప్పినవు గదా, ఫోన్ల."

"అదే. ఎక్కడా లేదు."

"అన్నా, ఏం మాట్లాడుతున్నవు?"

"ఏం లేదు. లోపల వాళ్ళు అడిగేది చెప్తున్నా."

"ఇల్లు అమ్మకానికి పెట్టిన్రు అంకుల్ వాళ్ళు. గేటు పక్కన బోర్డు చూసిన. లోపలికి పోయి ఆంటీతోని ఒక్క మాట మాట్లాడదామనుకున్న. గేటు కాడికెళ్ళే మళ్ళొచ్చిన."

"నాకు నిద్ర పడుతోందనుకున్నావా? కానీ ఇప్పుడు మనం మునిగితే ఆయన ఇల్లు తిరిగొస్తుందా?"

"మనం అంటవేంది? మునిగేది నేను."

"నేనున్నాగా."

"లోపల ఉంటవా?"

"అదీ... నన్ను బయట కూర్చోమన్నారు."

"బయట!"

"రూల్ అంట. నేనేం చెయ్యను?"

"సరే. అయితే నేను ఉన్నదున్నట్టు చెప్త. మెయిల్ నేను చదవలేదు, ఎవరూ చదివి చెప్పలేదు, తెల్వక చేసిన, ఆ ప్రభుత్వం మనిషికి చేతులు జోడించి దండం పెడుతున్న అంట. తెల్వక చేసినోని మీద ఇంత కనికరం ఉంటది గదా ఈ దేశంల? నాకు మిగిలింది అదొక్కటే అన్నా."

"అలా చెప్పకు."

"ఎందుకు? నిజమే గదా."

"చెప్పకు అంటున్నానా."

ఆల్బనీలో ఆఫీసు ముందు కారు ఆగింది. శశాంక్ దిగలేదు.

"వచ్చేశాం. కాస్త నీళ్ళు తాగు, మొహం అలా పెట్టుకుని వెళ్తే ఎలా?"

"ఎందుకు చెప్పొద్దో చెప్పు. అప్పటిదాంక దిగ."

"శశాంక్, టైమైపోతోంది."

"కానియ్యి."

"ఏడాది మొదట్లో ఆ రూల్స్ మీద ఒక పరీక్ష పెట్టారు. మీ అందరికీ లింక్ పంపారు. పాసైతేనే అకౌంట్ నడుస్తుంది, లేకపోతే మీ వాటాలు ఆపేస్తారు."

"నేను ఏ పరీక్షా రాయలేదు. లింక్ వచ్చింది. ఏందన్నా ఇది అని నిన్ను అడిగితే, నేను చూసుకుంటాలే అన్నవు."

"చూసుకున్నా. నీ పేరు మీద నేనే రాశా."

"నువ్వు రాసినవా?"

"నూటికి నూరు వచ్చాయి నీకు. సర్టిఫికెట్ లాయరమ్మ బల్ల మీదే ఉంది. నువ్వు లోపలికెళ్ళి తెలీదు అన్నావంటే, అబద్ధం కూడా ఆడాడని రాస్తారు."

"నా పేరు మీద... నాకు ఒక్క మాట గూడ చెప్పకుండ!"

"నువ్వు డ్యూటీలో ఉన్నావు. గడువు దాటిపోతోంది. మన కుర్రాడే కదా, ఎందుకు నష్టపోవాలి అని రాశా. నీ మంచికే రా."

"అయితే నువ్వు లోపలికి వచ్చి చెప్పు. నేనే రాసిన అని చెప్పు."

"చెప్తే నా ఉద్యోగం పోతుంది. ఫ్లాట్ బుష్‌లో ఇంటి లోను ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. నన్నేం చెయ్యమంటావు?"

"ఒక్కటి చెప్పు అన్నా. అండ్ల ఇది గూడ అడిగిన్రా? బంద్ చేయించుకున్న మనిషికి మెసేజ్ కొట్టొచ్చా అని?"

"అడిగారు."

"ఏం జవాబు పెట్టినవు?"

"ఎట్టి పరిస్థితుల్లోనూ కొట్టకూడదు అని."

"అంటే అంకుల్ పేరు నాకు చదివిన నాడు నీకు ఆ రూలు తెలుసు. ఆయన మూసేసుకున్నడని గూడ నీకు తెలుసు."

"తెలుసు. కానీ నాకు తెలిసినట్టు ఎక్కడా లేదు శశాంక్. నీకు తెలిసినట్టే ఉంది. దిగు, వాళ్ళు ఆఫీసు అద్దాల్లోంచి చూస్తున్నారు."