పదకొండు గళ్ళ మనిషి

జోడ్‌భావి పేటలో నూలుకు రంగు వేసే అన్న, మిగిలిన ఎర్రనీళ్ళ గంగాళం ఎత్తబోతూ ఆగాడు. పక్కన తమ్ముడు కొత్త చద్దరు కోసం గళ్ళ కాగితం మీద నమూనా గీస్తున్నాడు.

"నెమలి ఏదిరా? సేటు నెమలి అడిగిండు గదా."

"ఇది మన బావికాడి వేపచెట్టన్నా."

"ఆకుల్లేవు."

"చెట్టుకే లేవు."

"ఎండిన చెట్టు కప్పుకొని ఎవడు పండుకుంటడు? సేటు నిన్ను పనిలకెల్లి తీసేస్తడు."

"నెమలి గీద్దామనే నాలుగు దినాలు కూసున్న. చెయ్యి రాలే."

అన్నకు కాలు నిలవలేదు. అటు తిరిగి, ఇటు తిరిగి, మళ్ళీ కాగితం మీదికి వంగాడు.

"చెట్టుకింద ఇదేంది?"

"మనిషి."

"పదకొండు గళ్ళల్ల మనిషా?" లెక్కపెడుతున్న అన్న వేలు ఆ మనిషి వంగిన నడుం దగ్గర ఆగింది. "నన్నెందుకు గీసినవ్‌రా?"

"నేను నీ పేరు చెప్పలేదన్నా."

"ఆ నడుం వంపు నాదే. తీసెయ్."

"తీసేస్త. చెట్టు ఎట్ల ఎండిందని అడిగితే ఏం చెప్పాలె?"

"ఎండకు ఎండిందని చెప్పు. పేటల అందరు రంగునీళ్ళు ఆడ్నే పోస్తరు. నేనొక్కణ్ణేనా?"

"అందరిని గీసెటందుకు కాగితం సరిపోదన్నా."

అన్న నవ్వబోయాడు, నవ్వు రాలేదు. గంగాళం ఎత్తుకుని రోజూలాగే వాకిలి దాటాడు. చెట్టుదాకా పోయాడు. నిండు గంగాళంతోనే తిరిగొచ్చి, కాగితం మీద ఉన్నట్టే నడుం వంచి నిలబడ్డాడు.

"ఏమైందన్నా?"

"చెయ్యి నొస్తుందిరా. ఇగ ఇది ఏడ పొయ్యాల్నో చెప్పు."